క్యాన్సర్ రోగుల సాయానికి ఊళ్ళో నాటకం వేయాలంటే: మొదటి మీటింగు నుంచి లెక్క అప్పజెప్పే దాకా

కావలి నుంచి ఒకరు, పొదిలి నుంచి ఒకరు, మొన్న కోవూరు నుంచి ఇద్దరు కాలేజీ పిల్లలు. అందరూ అడిగింది ఒకటే. "అన్నా, మా ఊళ్ళో ఒకాయనకి క్యాన్సర్ వచ్చింది. నాటకం వేసి నాలుగు డబ్బులు పోగుచేద్దామనుకుంటున్నాం. యాడ మొదలుపెట్టాలి?"

ఒక్కొక్కరికీ ఫోన్లో గంట చెప్పే బదులు, తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను. ముందు మా మొదటి నాటకం సంగతి వినండి. మా బృందంలో హార్మోనియం వాయించే పెద్దాయనకి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆయన కోసమే వేశాం. హాలు నిండింది, వన్స్‌మోర్లు పడ్డాయి, జనం మెచ్చుకున్నారు. తెల్లారి లెక్క చూస్తే డ్రెస్సులు, మైకులు, లైట్లు, భోజనాలు పోను మిగిలింది ఆరు వేల చిల్లర. ఆ కవరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య కాఫీ ఇచ్చింది, మేం తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాం. అప్పటి నుంచి మాకు ఒకటే నియమం: తెర లేచేసరికి నాటకం ఖర్చు మొత్తం వేరే డబ్బుతో తీరిపోయి ఉండాలి. ఆ రాత్రి జనం ఇచ్చిన ప్రతి రూపాయీ రోగికే పోవాలి. కింద చెప్పేదంతా ఈ నియమం నిలబెట్టుకోవడానికే.

## ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- పని చేసేవాళ్ళు ఏడెనిమిది మంది. వీళ్ళలో కనీసం ముగ్గురు వేషం కట్టని వాళ్ళై ఉండాలి. డబ్బు చూసుకునే మనిషి రంగు వేసుకోకూడదు.
- మూడు నెలల వ్యవధి. రెండు నెలల్లో చేయొచ్చు కానీ టికెట్లు అమ్ముడుపోవు.
- సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, లేదా అలాంటి ఖాతా ఉన్న సంస్థ తోడు.
- గంటా గంటన్నర నాటకం ఒకటి, లేదా రెండు చిన్నవి.
- వరస నంబర్లు, కౌంటరు ఫాయిలు ఉన్న టికెట్టు పుస్తకాలు, విడిగా రసీదు పుస్తకాలు.
- గట్టి అట్టతో ఒక లెక్కల పుస్తకం. ఫోన్లో లెక్క రాసుకుంటే ఫోను పోయిన రోజు అంతా పోతుంది.

## 1. డబ్బు ఎవరికో మొదటి మీటింగులోనే తేల్చండి

చాలామంది ఏ నాటకం వేద్దామా అని మొదలుపెడతారు. అది రెండో మీటింగు సంగతి. "క్యాన్సర్ రోగుల సహాయార్థం" అని పోస్టరు వేసి, ఏ రోగులని ఎవరైనా అడిగితే నీళ్ళు నమలడం కంటే అవమానం లేదు. మీ ముందున్న దారులు మూడు.

ఒక సంస్థకి ఇవ్వడం. నెల్లూరులో రెడ్‌క్రాస్ వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నుంచి చెన్నైలో నడుస్తోంది. ఇలాంటి చోట్లకి ముందే ఉత్తరం రాసి, మీ పేరు వాడుకోవచ్చా, డబ్బు ఏ ఖాతాలో వేయాలి, దేనికి వాడతారు అని అడిగి, జవాబు కాగితం మీద తెచ్చుకోండి. అది చేతికి రాకుండా పోస్టరు మీద వాళ్ళ పేరు గానీ గుర్తు గానీ వేయకండి.

ఒకే రోగికి ఇవ్వడం. జనం మనసు తొందరగా కదిలేది దీనికే, చిక్కులు ఎక్కువా దీనికే. నగదు చేతికి ఇవ్వకండి. ఆసుపత్రి ఖాతాలో రోగి నంబరు రాసి కట్టండి, లేదా మందుల బిల్లు చెల్లించండి. ఇంకో మాట అడగడానికి నోరు రాదు, అయినా అడగాలి: నాటకం రోజుకి ఆ మనిషి లేకపోతే డబ్బు ఎవరికి? కుటుంబంతో మాట్లాడి ముందే రాసుకోండి. మాకు ఒకసారి అలాగే జరిగింది. ముందే రాసుకున్నాం కాబట్టి ఆ డబ్బు అదే మండలంలో ఇంకో ఇంటికి చేరింది, ఎవరూ మాట అనలేదు.

దారిఖర్చుల నిధి. నా ఓటు దీనికే. చికిత్సలో ఎక్కువ భాగానికి అర్హత ఉన్నవాళ్ళకి ప్రభుత్వ వైద్య సేవ పథకం ఉంది, మన నోట ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే వస్తుంది. అయితే కీమోకి నెల్లూరు నుంచి చెన్నైకో తిరుపతికో, ఒంగోలు నుంచి గుంటూరుకో తిరిగే ఛార్జీలు, వెంట వెళ్ళిన మనిషి భోజనం, గది అద్దె, రెండు పూటలా పోయిన కూలి, ఇవన్నీ ఇంటి మీదే పడతాయి. సగంలో చికిత్స మానేసిన ఇళ్ళలో కారణం అడిగితే చాలాసార్లు ఇదే చెబుతారు. ఈ నిధి పెట్టేవాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. చికిత్స కోసం ప్రయాణం చేసే క్యాన్సర్ రోగికి రైల్వేలో స్లీపరు, థర్డ్ ఏసీ తరగతుల్లో ఛార్జీ పూర్తి రాయితీ. తోడు వెళ్ళే ఒకరికి కూడా రాయితీ ఉంది. రైల్వే నమూనాలో ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితం ఇప్పించడమే కొన్ని ఇళ్ళకి మీరు చేసే పెద్ద సాయం. అప్పుడు మీ నిధిలో డబ్బు గదికీ భోజనానికీ మిగులుతుంది.

## 2. ఖాతా, కమిటీ

కొత్త సంఘం రిజిస్టరు చేయించడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఒక్క నాటకానికి అంత దూరం వెళ్ళడం కంటే, రిజిస్ట్రేషనూ పాన్ కార్డూ ఉన్న ఊరి సంస్థని కలుపుకోవడం నయం. లయన్స్, రోటరీ, రెడ్‌క్రాస్ శాఖ, పూర్వ విద్యార్థుల సంఘం, ఏదైనా సరే. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు.

హెచ్చరిక: ఎవరి సొంత ఖాతాలోనూ డబ్బు వేయించకండి. ఎంత నమ్మకమైనవాడైనా సరే. అతని జీతం, అప్పు వాయిదా, మీ విరాళాలు ఒకే పాసు పుస్తకంలో కలిసిపోతే రేపు లెక్క చెప్పాల్సింది అతనే, నిందపడేదీ అతనే. ఫోనుపే క్యూఆర్ కూడా సంస్థ పేరుతోనే ఉండాలి. స్కాన్ చేయగానే తెర మీద సంస్థ పేరు రావాలి, వ్యక్తి పేరు కాదు.

పన్ను రాయితీ గురించి కూడా అడుగుతున్నారు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జి అనుమతి ఉన్న సంస్థకి ఇచ్చిన విరాళానికే అది వర్తిస్తుంది. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఉపయోగం. టికెట్టు కొనడం విరాళం కాదు, అది నాటకం చూసే వెల. కాబట్టి టికెట్టు మీద "80జి" అని అచ్చు వేయకండి. విరాళానికి ఆ సంస్థ వాళ్ళ రసీదే ఇప్పించండి.

అమెరికా డబ్బు గురించి జాగ్రత్త. మన నెల్లూరు, ప్రకాశం వైపు ప్రతి ఊరికీ అక్కడ పిల్లలున్నారు, అడిగితే కాదనరు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషను లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. వాళ్ళ నాన్న ఖాతాకి పంపించి అక్కడి నుంచి మీకు మళ్ళించే ఉపాయం ఎవరైనా చెబితే వద్దనండి. అక్కడి పౌరులైనవాళ్ళు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఆసుపత్రికే నేరుగా పంపుకోవచ్చు. రోగి సొంత బంధువైతే ఆ కుటుంబానికి పంపుకోవచ్చు.

## 3. నాటకం ఎంచుకోవడం, హక్కులు

మన వైపు జనానికి పద్యం కావాలి. కృష్ణ రాయబారం సీను, హరిశ్చంద్ర కాటి సీను అంటే ఇప్పటికీ చాపలు వేసుకుని కూర్చునే ఊళ్ళున్నాయి. పట్నంలో, అంటే నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ, గంట సేపు సాంఘిక నాటిక కూడా నడుస్తుంది. మేం వేసే కలయిక ఇది: ముందు నలభై నిమిషాల హాస్య నాటిక, తర్వాత గంటా పావు పద్య నాటక సీను. మొత్తం మూడు గంటలు దాటకూడదు.

క్యాన్సర్ మీదే నాటిక రాయాలా? రాయక్కర్లేదు. రాస్తే మాత్రం ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మీ హాల్లో నాలుగో వరసలో కీమో చేయించుకుంటున్న మనిషి కూర్చుని ఉంటాడు. జుట్టు రాలిన పాత్రని పెట్టి, దగ్గించి, చివర చంపి కన్నీళ్ళు పిండే నాటిక ఆ మనిషి ముందు వేయకండి. ఇంటిల్లిపాదీ హాయిగా నవ్వుకుని వెళ్ళినా మీరు పోగుచేసే డబ్బు తగ్గదు.

హక్కుల సంగతిలో చాలామంది పొరబడతారు. "సేవ కోసమే కదా, అనుమతెందుకు" అంటారు. మన కాపీరైటు చట్టం ఔత్సాహిక బృందాలకి ఒక మినహాయింపు ఇచ్చింది. అది టికెట్టు లేని ప్రదర్శనకి, లేదా మత సంస్థ లబ్ధి కోసం వేసే ప్రదర్శనకి. క్యాన్సర్ సహాయానికి టికెట్టు పెట్టి వేసేది ఆ రెండింటిలోకీ రాదు. రచయిత బతికి ఉంటే ఆయన్ని అడగాలి. చనిపోయి 60 ఏళ్ళు నిండకపోతే వారసులని అడగాలి. పరిషత్తు (నాటక పోటీల) నాటికలు రాసేవాళ్ళలో చాలామంది ఇలాంటి పనికి రుసుము లేకుండానే ఒప్పుకుంటారు, అడిగితే చాలు. ఆ ఒప్పుకోలు ఒక మెసేజిగానైనా రాయించుకోండి.

పాత పద్య నాటకాల్లో ఒక మెలిక ఉంది. రాయబారం పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల జంటలో చివరగా పోయిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు 1950లో, హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లో పోయారు. వాటికి గడువు తీరింది. అయితే కాటి సీనులో మనవాళ్ళు పాడేవి అన్నీ బలిజేపల్లి వారివి కావు. శ్మశానం మీద జాషువా గారి పద్యాలు అందులో కలిసిపోయాయి. ఆయన పోయింది 1971లో. ఆ పద్యాలకి హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. జనం ఎదురుచూసేది సరిగ్గా ఆ పద్యాల కోసమే కాబట్టి, అనుమతి తెచ్చుకునే పని ముందే పెట్టుకోండి.

సీనుకీ సీనుకీ మధ్య సినిమా పాటల రికార్డు వేయాలన్నా లైసెన్సు కావాలి. దానికి ప్రత్యామ్నాయం మన దగ్గరే ఉంది: హార్మోనియం, తబలా. మధ్యలో పది నిమిషాలు వాళ్ళనే వాయించమనండి.

## 4. తేదీ, చోటు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆరుబయట పెట్టకండి. మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, తుఫాన్లూ అప్పుడే. మార్చిలో పరీక్షలు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం స్టేజీ కట్టేవాళ్ళకే వడదెబ్బ తగులుతుంది. మిగిలింది సంక్రాంతి మూడు రోజులు, ఆ తర్వాత ఫిబ్రవరి. సంక్రాంతికి బయట ఊళ్ళవాళ్ళు వస్తారు, చేయి ధారాళంగా ఉంటుంది. ఫిబ్రవరి 4 ప్రపంచ క్యాన్సర్ దినం, వాతావరణం చల్లగా ఉంటుంది, డాక్టర్లు పిలిస్తే వస్తారు. పొగాకు పండించే కొండపి, టంగుటూరు వైపైతే వేలం డబ్బు చేతికొచ్చాక ఏప్రిల్ చివర సాయంత్రాలు కూడా బాగుంటాయి. నెల్లూరులో రొట్టెల పండగ రోజులు తప్పించండి, పోలీసులు మీకు దొరకరు.

చోటు విషయంలో, నెల్లూరు వాళ్ళకి పురమందిరం లాంటి పాత వేదిక ఉంది. మీ ఊళ్ళో కల్యాణ మండపమో బడి ఆవరణో చూసుకోండి. ఆరుబయటైతే రాత్రి పదికి మైకు ఆగిపోవాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అదే చెబుతాయి. నాలుగు గోడల హాలుకి ఆ గడువు లేదు. తెల్లవార్లూ నాటకం ఆడిన రోజులు వేరు. ఆరున్నరకి తెర తీస్తే తొమ్మిదిన్నరకి ముగించవచ్చు.

పోలీసు స్టేషనుకి తేదీ, చోటు, సమయం, మైకు వివరాలతో అర్జీ రెండు ప్రతులు ఇచ్చి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. కరెంటు ఆఫీసులో కూడా చెప్పండి. జనరేటరు మాత్రం ఎలాగూ పెట్టాల్సిందే.

## 5. ఖర్చుకి దాతలని పట్టడం

ఇక్కడే నాటకం గెలుస్తుంది, ఇక్కడే ఓడుతుంది. ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఊహించినవి, మీ ఊరి ధరలు వేసుకోండి.

హాలు, మైకులు, లైట్లు, తెరలు, డ్రెస్సులు, మేకప్, వాద్యాలవాళ్ళు, పోస్టర్లు, భోజనాలు అన్నీ కలిపి 60,000 అనుకుందాం. హాల్లో 350 కుర్చీలు, టికెట్టు 200. అన్నీ అమ్ముడుపోతే 70,000. అన్నీ అమ్ముడుపోవు. 230 పోయాయనుకోండి, వచ్చేది 46,000. రోగికి ఇవ్వడం మాట అటుంచి, 14,000 మీ జేబులోంచి పోతుంది. టికెట్ల మీదే ఆశ పెట్టుకున్న ప్రతి బృందానికీ ఇదే జరుగుతుంది.

అదే 60,000 ని పన్నెండు మంది తలా 5,000 భరిస్తే? 46,000 నికరంగా రోగికి. కాబట్టి టికెట్టు అచ్చు వేయకముందే ఆ పన్నెండు మందినీ పట్టండి. అడిగేటప్పుడు "విరాళం ఇవ్వండి" అనకండి, "మైకుల ఖర్చు మీది" అనండి. "భోజనాలు మీవి", "పోస్టర్లు మీ ప్రెస్సులోనే వేయండి" అనండి. ఏదో ఒక పని తనదని ఒప్పుకున్న మనిషి మాట తప్పడం నేను చూడలేదు. డబ్బు కంటే వస్తువు అడగడం తేలిక. షామియానా సప్లై వాళ్ళు అద్దె వదులుకుంటారు, రైసు మిల్లు వాళ్ళు బియ్యం ఇస్తారు.

పొగాకు గురించి ఒక మాట, మన దగ్గర తప్పకుండా వస్తుంది కాబట్టి. సిగరెట్టు, గుట్కా కంపెనీల బ్యానరు పెట్టడానికి వీల్లేదు. 2003 చట్టం పొగాకు ప్రకటనలని నిషేధించింది, పైగా ఇది క్యాన్సర్ కోసం వేసే నాటకం. పొగాకు పండించే రైతు తన వెయ్యి నూటపదహార్లు ఇస్తే మాత్రం రెండు చేతులా తీసుకోండి. ఆ రైతు ఇంట్లోనూ ఈ జబ్బు ఉండొచ్చు.

## 6. టికెట్లు

వెల 500 దాటనివ్వకండి. నాటక ప్రదర్శన టికెట్టు 500 లోపు ఉంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. మన ఊళ్ళకి 100, 200, ముందు వరస 500 సరిపోతాయి. ఎక్కువ ఇవ్వదలచినవాళ్ళకి టికెట్టు వెల పెంచకుండా విడిగా విరాళం రసీదు రాయండి.

పుస్తకానికి 25 టికెట్లు చాలు, 100 పెడితే ఎవరి దగ్గరో చిక్కుకుపోతాయి. పుస్తకం ఇచ్చేటప్పుడు నంబర్లు రాసుకుని సంతకం పెట్టించుకోండి. మూడు రోజుల ముందు అందరి దగ్గరా పుస్తకాలు, డబ్బు వెనక్కి తీసుకోండి. ఆ రోజు తర్వాత అమ్మకం గేటు దగ్గరే.

ఉచిత పాసులకి వేరే రంగు. ముందే లెక్క పెట్టుకోండి, ముప్ఫై అంటే ముప్ఫై. మా మొదటి నాటకంలో ముందు రెండు వరసలూ పాసులవాళ్ళే. డబ్బిచ్చి కొన్నవాళ్ళు వెనక నిలబడ్డారు.

## 7. రిహార్సళ్ళు

వారానికి మూడు రోజుల చొప్పున ఆరు వారాలు. చివరి రెండు రిహార్సళ్ళు స్టేజీ మీద, మైకులతో, వాద్యాలతో. మైకు లేకుండా బాగా పలికిన నటుడు వేలాడే మైకు కింద అటూ ఇటూ తిరిగేసరికి సగం మాటలు వినిపించవు. అది ముందే తెలియాలి. ప్రాంప్టింగుకి ఒకరిని పెట్టండి, సిగ్గుపడొద్దు.

ఆడవేషాలకి మనిషి దొరకడం లేదని చాలామంది అంటున్నారు. కుర్రవాళ్ళు వెనకాడితే, ప్రకాశం పంతులు గారు కూడా కుర్రతనంలో ఒంగోలులో ఆడవేషాలు కట్టినవారేనని చెప్పి చూడండి. బయటి నుంచి నటీమణిని పిలిస్తే మాట్లాడుకున్న పారితోషికం రంగు వేసుకోక ముందే ఇవ్వండి. గడియ పడే గది, రాత్రి ఇంటిదాకా కారు, తోడు ఒక ఆడమనిషి. సేవ కోసం కదా అని ఆమె డబ్బు తగ్గించమని బతిమాలకండి, ఆమె ఇల్లు దాని మీదే నడుస్తుంది. తనంతట తాను తగ్గించుకుంటే అది వేరు.

## 8. నాటకం రాత్రి

చదివింపులు. ఈ ఒక్క సంగతి సరిగ్గా నడిపితే టికెట్ల కంటే ఎక్కువ వస్తుంది. పద్యం రాగం పట్టి ముగించగానే ఒకాయన లేచి 116 పంపుతాడు, మైకులో పేరు చదువుతారు, పక్క ఊరాయన 516 పంపుతాడు. మామూలుగా అది నటుడికి పోతుంది. కాబట్టి నటులతో ముందే మాట్లాడండి: ఈ రాత్రి చదివింపులన్నీ నిధికే, మీ పారితోషికం మీకు విడిగా ముట్టింది. తెర తీసే ముందు మైకులో రెండుసార్లు ప్రకటించండి. ప్రకటించకపోతే గొడవే. మా దగ్గర ఒక పెద్దమనిషి "నేనిచ్చింది కృష్ణుడికి, మీ హుండీకి కాదు" అని స్టేజీ ఎక్కాడు, న్యాయం ఆయన వైపే ఉంది.

పద్యం పద్యానికీ ఆపి చదివితే నాటకం చచ్చిపోతుంది. సీన్ల మధ్య మూడుసార్లు, పది నిమిషాల చొప్పున చదవండి. మైకు పక్కన ఒకరు పుస్తకంలో రాశాకే పేరు చదవాలి. ముందు రాత, తర్వాత మాట. "మా అమ్మ జ్ఞాపకార్థం" అని చీటీలు వస్తాయి, క్యాన్సర్‌తో పోయినవాళ్ళ పేర్లు. వాటిని పరుగుపెట్టి చదవకండి. ఇంటి పేరు, ఊరి పేరుతో సహా నిదానంగా చదవండి. నేను చదివిన రాత్రి హాలంతా గుసగుస కూడా లేకుండా విన్నది.

విజ్ఞప్తి. నాటకానికి ముందు కాదు, మొదటి విరామంలో. ఐదు నిమిషాలు, ఒక్కరే. జబ్బు నయమైన మనిషి ఇష్టపడి మాట్లాడితే అంతకు మించింది లేదు. చికిత్సలో ఉన్న మనిషిని స్టేజీ ఎక్కించి చూపించకండి, ఫోటో ఫ్లెక్సీ మీద వేయకండి. వాళ్ళు ఒప్పుకున్నా వద్దనే అంటాను, ఆ సమయంలో వాళ్ళు దేనికైనా ఒప్పుకుంటారు. మాటల కంటే ఒక అంకె పని చేస్తుంది: ఒక రోగి, తోడు ఒకరు చెన్నై వెళ్ళి వారం ఉండి రావడానికి ఎంత అవుతుంది? మీ ఊళ్ళో వెళ్ళొచ్చిన రెండు మూడు ఇళ్ళల్లో అడిగి ఆ అంకె తెచ్చుకుని మైకులో చెప్పండి.

హుండీ. టికెట్టు కొన్నవాళ్ళ ముందుకి పళ్ళెం తిప్పకండి. "ఏందబ్బా, టికెట్టు కొన్నాం కదా, మళ్ళా ఇదేంది" అంటారు. తాళం, సీలు వేసిన హుండీ బయటికి వెళ్ళే గుమ్మం దగ్గర పెట్టి, పక్కన ఇద్దరిని నిలబెట్టండి.

క్యూఆర్. అతికించిన ప్రతి క్యూఆర్‌నీ తెర తీసేముందు ఒక రూపాయి పంపి చూడండి, విరామంలో మళ్ళీ చూడండి. దాని మీద వేరే స్టిక్కరు అంటించేవాళ్ళు ఉంటారు.

ఆరోగ్య కేంద్రం బల్ల. 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి ప్రభుత్వమే పరీక్షలు చేయిస్తుంది. మీ పీహెచ్‌సీ వాళ్ళని పిలిచి పేర్లు రాసుకునే బల్ల పెట్టించండి. పరీక్ష అక్కడ కాదు, అంత జనంలో ఆడవాళ్ళు రారు. పేరు, తేదీ రాసుకుంటే చాలు.

## 9. ఆ రాత్రే లెక్క

అలిసిపోయి ఉంటారు, రేపు చూద్దాం అంటారు. వద్దు. హుండీ సీలు ముగ్గురి ముందు తీయండి, అందులో ఒకరు మీ బృందం కాని వాళ్ళై ఉండాలి, బడి హెడ్మాస్టరో పోస్టుమాస్టరో. నోట్లు, చిల్లర విడివిడిగా రాసి ముగ్గురూ సంతకం పెట్టండి.

టికెట్ల లెక్క ఇలా సరిచూసుకోవాలి: అచ్చు వేసినవి = అమ్మినవి + పాసులు + మిగిలినవి. 350 అచ్చు వేస్తే, అమ్మినవి 212, పాసులు 30, మిగిలినవి 108 అనుకోండి, కలిపితే 350. అమ్మకం డబ్బు 212 ఇంటూ 200, 42,400 ఉండాలి. మిగిలిన 108 కళ్ళతో చూడాలి, "ఇంట్లో ఉన్నాయి" అంటే కుదరదు. తేడా వస్తే కమిటీ జేబులోంచి వేసి సరిచేయండి, అంకె మార్చకండి.

మర్నాడు బ్యాంకు తెరవగానే నగదు మొత్తం జమ. అందులోంచి టీ ఖర్చు కూడా తీయకూడదు.

## 10. అప్పజెప్పడం

వారం లోపు చెక్కు గానీ ఆన్‌లైన్ బదిలీ గానీ చేసి రసీదు తీసుకోండి. పెద్ద అట్ట చెక్కుతో ఫోటో తీసుకోవాలని ఉంటే సంస్థ వాళ్ళతో తీసుకోండి, రోగి ఇంటి ముందు కాదు.

నాటకం వేసిన చోటే ఒక ఫ్లెక్సీ కట్టండి: టికెట్ల మీద ఇంత, చదివింపులు ఇంత, హుండీ ఇంత, ఆన్‌లైన్ ఇంత, మొత్తం ఇంత, ఫలానా తేదీన ఫలానా ఖాతాకి పంపాం. కింద ఖర్చు భరించిన పన్నెండు మంది పేర్లు, ఎవరు ఏది భరించారో. రెండో ఏడాది అదే దాతలు తమంతట తామే ఫోను చేయడం మాకు ఈ ఫ్లెక్సీ కట్టాకే మొదలైంది.

## తరచూ జరిగే తప్పులు

ముఖ్య అతిథులు ఎక్కువవడం. ముగ్గురు మించితే సన్మానాలకే గంట పోతుంది, చదివింపుల సమయం మింగేస్తుంది. శాలువాలు మానేసి ఆ డబ్బు నిధిలో వేశామని చెప్పండి, ఏ అతిథీ నొచ్చుకోడు.

పెద్ద సెట్టింగుల మోజు. కాటి సీనుకి నల్ల తెర, ఒక మంట లైటు చాలు.

ఒకే రాత్రి వానకి అంతా పోవడం. ఆరుబయటైతే రెండో తేదీ టికెట్టు మీదే అచ్చు వేయండి.

వసూలయ్యే దాని కంటే ముందే "లక్ష రూపాయలు ఇస్తున్నాం" అని పేపరుకి చెప్పడం. వచ్చాక చెప్పండి.

## హాలు, మనుషులు దొరకకపోతే

బుర్రకథ ముగ్గురితో అవుతుంది, హరికథ ఒక్కరితో అవుతుంది, తెర కూడా అక్కర్లేదు. దగ్గర్లోని పరిషత్తు బృందాన్ని సిద్ధంగా ఉన్న నాటికతో పిలిచినా సరే. మీరు టికెట్లు, లెక్క చూసుకుంటే చాలు. కాలేజీ పిల్లలైతే బజారు కూడలిలో ఇరవై నిమిషాల వీధి నాటకం, టికెట్టు లేకుండా, సీలు వేసిన హుండీతో.

## బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

చప్పట్లు చూసి కాదు. ఈ నాలుగూ చూసుకోండి. టికెట్టు, చదివింపు, హుండీ డబ్బులోంచి ఒక్క రూపాయైనా ఖర్చుకి పోయిందా? రసీదు చేతిలో ఉందా? నటుల్లో, మైకుల వాళ్ళలో ఎవరికైనా బాకీ ఉన్నారా? ఆరోగ్య కేంద్రం బల్ల దగ్గర పేరు రాయించుకున్నవాళ్ళలో ఎంతమంది నిజంగా పరీక్షకి వెళ్ళారు? చివరిది ఏఎన్ఎం గారిని అడిగితే చెబుతారు, ఎవరెవరని పేర్లు అడగకండి.

మూడు నెలలకి ఇంకోసారి ఫోను చేయండి. సంస్థకి ఇచ్చి ఉంటే డబ్బు దేనికి వాడారని అడగండి. దారిఖర్చుల నిధి అయితే ఎన్ని ప్రయాణాలు అయ్యాయో, ఎంత మిగిలిందో పుస్తకంలో రాయండి. ఆ కాగితం ప్రతి ఒకటి ఖర్చు భరించిన పన్నెండు మంది ఇళ్ళకీ మీరే తీసుకెళ్ళి ఇవ్వండి. వచ్చే ఏడాది తేదీ కూడా అప్పుడే అడిగి రండి.